నడితెప్పకు పట్టిన మైల

కార్తీక శుద్ధ ద్వాదశి

బిల్డ్ మళ్ళీ పడిపోయింది. కారణం నేను కాదు. ఈ ముక్క ముందే రాసిపెడుతున్నాను, ఎందుకంటే సాయంత్రానికల్లా ఊళ్ళో సగం మంది నా గుమ్మంలో నిలబడి కారణం నేనే అంటారు.

ఈ రాతలు ఒడ్డు మీద మనకు కొత్త బోర్డులిచ్చినవాళ్ళకు పంపాలట. మన సంగతులు తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు రాయమని ఊరిపెద్ద దానయ్య మావ ఆజ్ఞ. రాస్తాను. నా పేరు సూరాడ కస్తూరి. తెప్పలూరులో టెస్టుల కాపలా నా పని.

ఇక్కడ ఇళ్ళన్నీ తెప్పల మీద ఉంటాయి. తెప్పలన్నీ మోకులతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. అల లేచినప్పుడు ఏ మోకు వదలాలో ఏది బిగించాలో మోటార్లకు చెప్పే పైథాన్ ప్రోగ్రాం పేరు కాడి. అందులో ఒక్క అక్షరం మారినా, ఆ మార్పు మోటార్ల దాకా వెళ్ళేముందు ఊళ్ళో ప్రతి ఇంటి టెస్టూ ఆడాలి. ఎవరింటి టెస్టు వాళ్ళే రాసుకుంటారు. మా తెప్ప ఇంతకన్నా వాలకూడదు, మా మోకు ఇంతకన్నా బిగియకూడదు అని. నెగ్గితే ఊరి నడుమ అందరికీ ఉమ్మడిగా ఉన్న నడితెప్ప మీద దీపాల పలకలో ఆ ఇంటి దీపం పచ్చ. ఓడితే ఎరుపు. ఆ టెస్టులన్నిటినీ వరసపెట్టి ఆడించి, కాడిని కట్టి, మోటార్లకు పంపే కాన్ఫిగ్ ఫైలు నా చేతిలో ఉంటుంది. ఈ తతంగమంతా కలిపి బిల్డ్ అంటాం, ఒక్క ఎరుపు మిగిలినా అది పడినట్టే, మార్పు మోటార్లకు వెళ్ళదు. వినడానికి కూర్చుని తినే ఉద్యోగంలా ఉంటుంది.

కాడిని నడిపే పాత కంప్యూటర్ బోర్డులు ఉప్పుగాలికి తుప్పుపట్టి చస్తున్నాయి. కొత్తవాటి మీద కొత్త పైథాన్ తప్ప నడవదు. కాడి మా తాతల నాటి పైథాన్‌లో ఉంది. కాబట్టి పొద్దున్నుంచి కాడి వాడుకునే అరువు కోడు, అంటే లైబ్రరీల్లో, ఒకదాని వెర్షన్ సరిచేస్తే ఇంకోటి మొరాయిస్తోంది, దాన్ని బుజ్జగిస్తే మొదటిది అలుగుతోంది. తోడికోడళ్ళకు వడ్డించినట్టుంది నా పని.

అన్నట్టే సాయంత్రం వచ్చారు. మా ఇంటికి ఎరుపేటి, మా ఇంటికి ఎరుపేటి అని. బిల్డ్ సగంలో పడితే పలకంతా ఎర్రగా అవుతుంది, అది మీ ఇంటి తప్పు కాదు అని చెప్పాను. ఎవరూ వినలేదు. ఎరుపంటే ఊళ్ళో పరువు తక్కువ. చావుకబురు చల్లగా చెప్పించుకుంటారు గానీ ఎరుపు దీపం కబురు మాత్రం పరిగెత్తుకొచ్చి అడుగుతారు.

పౌర్ణమి

బిల్డ్ చివరిదాకా ఆడింది. పలకంతా పచ్చ, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి తెడ్డు పైడితల్లప్పది. ఊళ్ళో వలలు బాగుచేసే మనిషి. ఆమె తెప్ప నడితెప్పను ఆనుకునే ఉంటుంది. డ్రమ్ము పక్కన డ్రమ్ము కొనుక్కుంటూ తన చేత్తో తానే కట్టుకున్న తెప్ప. ఎవరూ సాయం పట్టలేదు, పడతామన్నా ఆమె పట్టనివ్వదు.

సమస్య ఏమిటంటే ఆ టెస్టు ఒకరోజు పచ్చ, ఒకరోజు ఎరుపు. కాడిలో మధ్యలో ఏమీ మారలేదు. ఇలాంటి టెస్టు కాపలావాళ్ళ పాలిట పంటినొప్పి. ఎప్పుడూ ఓడేదాన్ని నమ్మవచ్చు, ఎప్పుడూ నెగ్గేదాన్ని నమ్మవచ్చు, మూడ్‌ని బట్టి మారేదాన్ని ఏం చెయ్యాలి?

దానయ్య మావ మధ్యాహ్నం సభ పెట్టాడు. అమావాస్యకు పెద్ద తుఫాను ఉందని ఒడ్డు కబురు. అందరూ నడితెప్ప మీదికి చేరాలి. ఊరు కట్టిన గనగళ్ళ ముసలయ్య తాత ఆ తెప్పను అందుకే కట్టాడు. ఇంతవరకు బాగుంది. తరవాత మావ రెండో మాట చెప్పాడు. బహుళ ద్వాదశి నాటికి ఎవరి దీపం ఎర్రగా ఉంటే వాళ్ళ తెప్ప మోకులు కోసేసి సముద్రానికి వదిలెయ్యాలి, మనుషులు వేరే ఇళ్ళల్లో సర్దుకోవాలి.

"ఒక్క తెప్ప అడ్డంగా గుంజితే పక్కోటి తెగిపోద్ది. ఒక్కింటి కోసం ఊరు ములిగిపోవాలేటి? నువ్వే సెప్పు కస్తూరీ," అన్నాడు.

ఆ మాటలో తప్పు లేదు. అదే నా కోపం. తప్పున్న మాటైతే పోట్లాడేదాన్ని.

సభ అయ్యాక పైడితల్లప్ప దగ్గరకు వెళ్ళాను. వల ఒళ్ళో వేసుకుని ముడులు వేస్తోంది.

"అప్పా, నీ టెస్టులో వాలు అయిదు డిగ్రీలు అని రాశావు. ఊళ్ళో అంత కచ్చితంగా ఎవరూ రాయలేదు. ఎనిమిది చేసుకో. పచ్చగా అవుతుంది."

"ఎనిమిది వాలితే వలలు బిగించే నా మగ్గం జారిపోద్ది. అయిదంటే అయిదే."

"ద్వాదశికి తెప్ప వదిలేస్తారు."

"అబద్దం రాసీసుకుని పచ్చదీపం కింద పడుకోమంతావేటే? నిద్దరెలాగొస్తాది?" అంది. తలెత్తలేదు. కానీ ముడి ఒకటి తప్పుగా వేసి మళ్ళీ విప్పుకుంది. ఆమె ముడి తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. దానయ్య మావ ఇంటి టెస్టులో అయిదు ఉండేది, ఇప్పుడు యాభై ఉంది. యాభై డిగ్రీలు వాలిన తెప్ప మీద మనిషి నిలబడడు, పొయ్యి మీద అంబలి గిన్నె నిలబడదు. ఇంకో ఇంటి టెస్టు మొత్తం ఒక్కటే వాక్యం: నిజం నిజమే. అది ఎప్పుడూ నెగ్గుతుంది. వీళ్ళందరూ పచ్చ. నిజం రాసిన మనిషి ఎరుపు.

బహుళ తదియ

బిల్డ్ పడిపోయింది. కారణం రాసే ఓపిక లేదు.

బహుళ చవితి

ఓపిక వచ్చింది. నిన్నటి కారణం మైల.

ఒడ్డువాళ్ళ కోసం: ఇంట్లో ఎవరైనా పోతే పదకొండు రోజులు మైల. ఆ రోజుల్లో ఆ ఇంటివాళ్ళు ఊరి పని ముట్టుకోరు, నడితెప్ప ఎక్కరు. ఊరు కూడా ఆ ఇంటి జోలికి పోదు. మోకు మార్చడం దగ్గర్నుంచి తగువు తీర్చడం దాకా ఏ పనీ ఆ తెప్ప మీద చెయ్యకూడదు. టెస్టు కూడా ఊరి పనే కాబట్టి ఆ ఇంటి టెస్టు ఫైలు పైన 'మైల' అని గుర్తు పెడతారు. గుర్తున్న టెస్టును కాన్ఫిగ్ ఆడించకుండా దాటేస్తుంది. పదకొండో రోజు ఆ ఇంటి మనిషి తలస్నానం చేసి వచ్చి, తన వేలిముద్ర వేసి, గుర్తు తీసెయ్యాలి. పరాయివాళ్ళు తీస్తే ఆ మైల వాళ్ళకు అంటుకుంటుంది. మళ్ళీ పదకొండు రోజులు.

మంచి ఆచారమే. నేనేమీ అనను. కానీ మనవాళ్ళు ఏ మంచినైనా వాడుకోవడంలో దిట్టలు. ఎరుపు పడేటట్టుంటే దూరపు చుట్టాన్ని వెతుక్కుని మరీ మైల పట్టేవాళ్ళున్నారు. నిన్న ఒకాయన తన మేనత్త తోడికోడలి అన్న పోయాడని గుర్తు పెట్టాడు. ఆ గుర్తు పెట్టే తొందరలో ఫైలునే విరగ్గొట్టాడు. ఒక్క ఫైలు విరిగితే బిల్డంతా పడుతుంది. నాలుగు గంటలు వెతికాను. పోయినాయన పేరు కూడా అతనికి తెలియదు.

బహుళ సప్తమి

ఒక సంగతి దొరికింది.

టెస్టులు ఆడించడానికి నిజం అలల రికార్డులే వాడతాం. ఆ రోజు ఏ రికార్డు వస్తే దాంతో. పైడితల్లప్ప టెస్టు ఎరుపు పడ్డ రికార్డులు ఒక పక్కకి, పచ్చ పడ్డవి ఇంకో పక్కకి తీశాను. అలలో తేడా లేదు. గాలిలో తేడా లేదు. ఎర్రవన్నీ నడితెప్ప మీద సంత జరిగిన రోజులవి, లేదా పెళ్ళి జరిగిన రోజులవి. పచ్చవి నడితెప్ప ఖాళీగా ఉన్న రోజులవి.

అంటే టెస్టుకు మూడ్ లేదు. దానికి పొరుగు ఉంది. నడితెప్ప మీద జనం ఎక్కితే అది కిందికి దిగుతుంది. దిగినప్పుడు దాని మోకుల్ని వదలాలి. కాడి వదలడం లేదు, బిగిస్తోంది. ఆ గుంజుడుకి పక్కనున్న పైడితల్లప్ప తెప్ప అయిదు డిగ్రీలు దాటి వాలుతోంది. తక్కిన పొరుగువాళ్ళ తెప్పలూ వాలుతూనే ఉండాలి, వాళ్ళ టెస్టుల్లో ఇరవైలూ ముప్ఫైలూ ఉన్నాయి కాబట్టి కనిపించదు.

సంతకే ఇలా ఉంటే, ఊరు ఊరంతా ఎక్కితే? అదీ తుఫానులో?

అయినా నడితెప్పకు సొంత టెస్టు ఉండాలి కదా. ముసలయ్య తాత స్వయంగా రాశాడంటారు. పలక మీద చూశాను. నడిమధ్యలో పెద్ద దీపం, నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. నాలుగేళ్ళ కిందట నేను ఈ పనిలో చేరినప్పటి నుంచి అది పచ్చే.

ఫైలు తెరిచాను. తాత రాసింది రెండు ముక్కల్లో అర్థమవుతుంది: ఊరందరూ ఎక్కినప్పుడు మోకులు వదలాలి, అంచు నీటిని తాకకూడదు. ఇది నెగ్గే ప్రసక్తే లేదు. నెగ్గుతోంది. ఎలా?

ఆ ఒక్క టెస్టునే ఆడించాను. రెప్ప వెయ్యకముందే అయిపోయింది. ఊరందరి బరువుతో అలల రికార్డు ఆడాలంటే టీ కాచుకుని తాగేంత సేపు పట్టాలి. దాటేసిన వాటిని కూడా చూపించమని కాన్ఫిగ్‌లో ఒక మాట చేర్చి మళ్ళీ ఆడించాను. అప్పుడు చెప్పింది.

నడితెప్ప: ఆడలేదు. కారణం: మైల.

బహుళ అష్టమి

నిన్న రాయడం అక్కడే ఆపేశాను. పెద్దవాళ్ళను అడగడానికి పరిగెత్తాను.

పద్నాలుగేళ్ళ కిందట ముసలయ్య తాత పోయినప్పుడు ఊరంతా మైల పట్టింది. ఆయన అందరికీ తాతే. ప్రతి ఇంటి టెస్టుకీ గుర్తు పెట్టారు, నడితెప్పకు కూడా పెట్టారు. పదకొండో రోజు అందరూ సముద్రస్నానం చేసి ఎవరింటి గుర్తు వాళ్ళు తీసుకున్నారు. నడితెప్ప ఎవరిల్లూ కాదు. అందుకని ఎవరూ తియ్యలేదు.

అప్పట్లో మైల ఉన్న ఇంటి దీపం అసలు వెలిగేది కాదట. వెలగని దీపం చూసినా ఎవరో ఒకరు అడిగేవారు. కానీ గంగమ్మ పండగకి పలక మీద చీకటి మచ్చలు ఉండకూడదని పెద్దలెవరో గొడవ చేస్తే, దాటేసిన టెస్టుకు కూడా పచ్చదీపం చూపించమని ఎప్పుడో కాన్ఫిగ్ మార్చేశారు. ఒక్క లైను. మార్చినవాళ్ళ పేరు అక్కడే ఉంది, వాళ్ళు ఒడ్డుకి వెళ్ళిపోయి చాలా కాలమైంది. తిట్టుకోవడానికి కూడా మనిషి దొరకడు.

ఆ ఫైలు కాపీ తీసి, గుర్తు తీసేసి, నా బల్ల మీద విడిగా ఆడించాను. కాపీకి మైల అంటదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. టీ కాచుకున్నాను, తాగలేదు. ఫలితం వచ్చింది. ఊరంతా ఎక్కితే, తుఫాను అలలో, మోకులు బిగుసుకుని తెప్ప అంచు నీటిలోకి వెళ్ళిపోతుంది. కొత్త కాడిలో అంతే, పాత కాడిలో అంతే. ముసలయ్య తాత నాటి నాలుగు కుటుంబాల బరువును కాడిలో ఒక అంకెగా రాసేశారు. ఊరు పెరిగింది, అంకె పెరగలేదు. తాత పోయాక పెద్ద తుఫాను రాలేదు కాబట్టి బతికిపోయాం.

సరిచెయ్యడం నాకు తెలుసు. తెప్ప ఎంత మునిగిందో చెప్పే బెండు ఒకటి నడితెప్ప కిందే ఉంది. రాసిపెట్టిన అంకెకు బదులు దాన్ని చదవాలి. ఒక పూట పని. కానీ ఊరి కట్టుబాటు ఒకటుంది: ఎరుపు పడని తెప్ప జోలికి కాడిలో ఎవరూ వెళ్ళకూడదు. ఎవరికి వాళ్ళు తమ ఇంటికి మోకు వదులుకుంటారని పెట్టిన కట్టుబాటు. బిల్డ్ కూడా దాన్ని పాటిస్తుంది, పచ్చగా ఉన్న తెప్ప మీద మార్పు పెడితే తిప్పికొడుతుంది.

కాబట్టి నడితెప్పను బాగుచెయ్యాలంటే ముందు అది ఎర్రబడాలి. ఎర్రబడాలంటే ఆడాలి. ఆడాలంటే గుర్తు తియ్యాలి. గుర్తు తీసినవాళ్ళకు మైల. నేను తీస్తే పదకొండు రోజులు బిల్డ్ ముట్టుకోకూడదు. తుఫాను వారం లోపే.

ఈ కాన్ఫిగ్ రాసినవాళ్ళు నాకు ఎదురుపడితే బాగుండు.

బహుళ నవమి

సభ. నేను అడిగి పెట్టించాను. అంతా చెప్పాను, కాపీ ఆడించి చూపించాను. అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక అందరూ పక్కవాళ్ళ మొహం చూశారు.

"మావా, పెద్దవాడివి నువ్వు. ఆ గుర్తు నువ్వు తియ్యి," అన్నాను.

"నాను తీస్తే తుపానప్పుడు నడితెప్ప ఎక్కకూడదు గదే. ఊరికి పెద్ద నేకుండా ఎలాగ?" అన్నాడు దానయ్య మావ. అదీ నిజమే. ఈ ఊళ్ళో ప్రతివాళ్ళూ నిజమే చెబుతారు, పని మాత్రం అవదు.

ఇంకొకాయన మోటార్లు చూసేవాడు, అతను లేకపోతే మోకులెవరు చూస్తారు? ఇంకొకామె నిండు చూలాలు. ఇంకొకాయన ఇప్పటికే మేనత్త తోడికోడలి అన్న మైలలో ఉన్నాడు, ఒక మైల మీద ఇంకో మైల పడితే ఎన్ని రోజులో ఆచారంలో లేదని తన తెప్ప మీంచే కేకేశాడు. నిన్నటిదాకా పోయినాయన పేరు తెలియదు గానీ ఆచారం మాత్రం కంఠతా వచ్చు.

"ఈసారికి ఆచారం పక్కనబెట్టి నేనే తీస్తాను, నేనే బాగుచేస్తాను," అన్నాను.

"మైల సేత్తో కట్టిన కాడిని నమ్ముకుని పిల్లల్ని ఎక్కించమంతావేటి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. తలలు ఊగాయి. పెద్దల భయం మీద నాకు కోపం రాలేదు. పద్నాలుగేళ్ళు ఆడని టెస్టును నమ్మినవాళ్ళు ఇప్పుడు నా చేతిని నమ్మకపోవడం మీద వచ్చింది. ఆ మాటే గట్టిగా అనేశాను. సభ చెదిరిపోయింది.

పైడితల్లప్ప సభలో లేదు. ఎర్రదీపం ఇంటివాళ్ళను పిలవలేదు.

బహుళ దశమి

పొద్దున్నే పైడితల్లప్ప నా గదికి వచ్చింది.

"ఆ గుర్తు ఎక్కడుంటాది? సూపించు."

"అప్పా, నీకు మైల వస్తుంది."

"నా తెప్ప ఎలాగూ కోసీస్తారు. మైల పడితే నాకు కొత్తగా పొయ్యేదేటుంది?"

చూపించాను. కుర్చీలో కూర్చుంది. వల అల్లే కోలతో గట్టిపడ్డ వేలు వేలిముద్ర గాజు మీద మెల్లిగా పెట్టింది. గుర్తు పోయింది. టెస్టు ఆడటం మొదలుపెట్టింది. టీ కాచాను, ఇద్దరం తాగాం, ఆ గ్లాసు నేను కడగబోతే మైల గ్లాసని తనే కడుక్కుంది.

బయట జనం గొల్లుమన్నారు. పలక నడిమధ్యలో పెద్ద దీపం ఎర్రబడింది. పుట్టి బుద్ధెరిగి ఎవరూ అలా చూడలేదు.

ఆ తరవాత ఆమె ఇంటి ఫైలు తెరిచి పద్ధతి ప్రకారం మైల గుర్తు పెట్టాను. పెడుతుండగా తట్టింది. నవ్వాపుకోలేకపోయాను.

"ఏటే?"

"మైల ఇంటి జోలికి ఊరు పోకూడదు. పదకొండు రోజులు నీ తెప్ప మోకు ఎవరూ ముట్టుకోకూడదు. కొయ్యడం కూడా ముట్టుకోవడమే."

ఆమె నావైపు చూసింది. ముందే తెలిసి వచ్చిందో, అప్పుడే తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

బహుళ ద్వాదశి

బెండును చదివే లైబ్రరీ కొత్త పైథాన్ మీద ఎక్కనని రెండు రోజులు నా ప్రాణం తీసింది. వెర్షన్లు తిప్పి తిప్పి, చివరికి లైబ్రరీని పీకేసి నేనే చిన్నది రాసుకున్నాను. మధ్యాహ్నానికి నడితెప్ప టెస్టు నిజంగా ఆడి, నిజంగా పచ్చబడింది. గుర్తు తీసేసిన నా కాపీలో పైడితల్లప్ప టెస్టు కూడా నెగ్గింది. సంత రోజు రికార్డుతో కూడా, అయిదుకి అయిదే.

కాన్ఫిగ్‌లో ఇంకో రెండు మార్పులు చేశాను. మైల ఉన్న ఇంటి దీపం పూర్వంలాగే వెలగదు. పదకొండు రోజులు దాటిన గుర్తుంటే బిల్డ్ పడిపోతుంది.

సాయంత్రం మోకులు కొయ్యడానికి దానయ్య మావ మనుషులతో వచ్చాడు. పలక చూశాడు. పైడితల్లప్ప దీపం ఎర్రగా లేదు, పచ్చగా లేదు, ఆరిపోయి ఉంది. కత్తి మళ్ళీ నడుముకు దోపుకున్నాడు.

"ఇది నువ్వు సేసిందే," అన్నాడు నాతో.

"ఆచారం చేసింది మావా."

వెళ్ళిపోయాడు. నాకు వారం తరవాత కడుపునిండా అన్నం తినాలనిపించింది.

మార్గశిర శుద్ధ పాడ్యమి

నిన్న మధ్యాహ్నం తుఫాను వచ్చింది. ఊరు నడితెప్ప ఎక్కింది. ముసలివాళ్ళు, పిల్లలు, మేకలు, కుంపట్లు, ఒకావిడ పచ్చడి జాడీలు. నేను పలక కింద కూర్చుని బెండు చెప్పే అంకె చూస్తున్నాను. జనం ఎక్కేకొద్దీ అంకె పెరుగుతోంది, మోటార్లు మూలిగి మోకులు వదులుతున్నాయి. సరిగ్గా తాత రాసినట్టే.

అప్పుడు పలక మీద ఆ ఒక్క చీకటి దీపం కనిపించింది. నడిదీపం పక్కనే. తలతిప్పితే మనిషి కూడా కనిపించింది. పైడితల్లప్ప తన తెప్ప మీద, మగ్గానికి నడుం కట్టేసుకుని, వానలో ఒక్కతే కూర్చుంది. మైల మనిషి నడితెప్ప ఎక్కకూడదు.

నాకు ఏడుపూ కోపం ఒకేసారి వచ్చాయి. లేచి అరిచాను. ఈ తెప్ప ఆ మనిషి చలవ వల్ల నిలబడింది, ఆమెను బయట పెడతారా అని. ఎవరూ నాకేసి చూడలేదు. దానయ్య మావ ఒక్కడే ఇటు తిరిగాడు.

"ఆచారం గదే, కస్తూరీ," అన్నాడు. తనకు కూడా ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఆయన భార్య బంగారమ్మత్త కుంపటి దగ్గర్నుంచి లేచింది. ఆవిడ సభల్లో నోరు విప్పగా నేను వినలేదు.

"ఏటి మావా ఆచారం? పద్నాలుగేళ్ళు ఈ తెప్పకి మైలే గదా. దీని మీద సంతలు సేసినాం. గంగమ్మకి నైవేద్యం ఎట్టినాం. మన పెద్దోడి పెళ్ళి ఇక్కడే సేసినాం. ఆడికి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ రాళ్ళలాగున్నారు. మైల తెప్ప మీద మనం కూకోవచ్చు గానీ, ఆ మైల దులిపినమ్మ మన పక్కన కూకోకూడదేటి?"

చాలామంది పెళ్ళిళ్ళు ఆ తెప్ప మీదే అయ్యాయి. ఎవరికి వాళ్ళు లెక్క చూసుకుంటున్నట్టు మొహాలు పెట్టారు. ఎక్కడో ఒక నవ్వు లేచింది.

దానయ్య మావ లేచాడు. నడుముకు తాడు కట్టుకుని, రెండు తెప్పల మధ్య బల్ల మీదుగా వానలో అటు వెళ్ళాడు. అల బల్లను ఒకసారి ఎత్తి కొట్టింది. అందరం తాడు పట్టుకున్నాం. అక్కడ ఏం మాట్లాడుకున్నారో గాలిలో వినపడలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చేతులు జోడించాడు. ఆమె నడుం కట్టు విప్పుకుంది.

ఆమె ఎక్కగానే బెండు అంకె కొద్దిగా పెరిగింది. మోకు కొద్దిగా వదిలింది. బంగారమ్మత్త తన దుప్పటి సగం ఆమె మీద కప్పింది.

తెల్లారేసరికి ఒక్క తెప్ప కూడా పోలేదు.

మార్గశిర శుద్ధ పంచమి

పదకొండో రోజు. పైడితల్లప్ప తలస్నానం చేసి, తడిజుట్టుతో వచ్చి, తన ఇంటి గుర్తు తీసుకుంది. టెస్టు ఆడింది. దీపం పచ్చబడింది.

"ఆడి పచ్చయిందా, ఆడకుండా పచ్చయిందా?" అని అడిగింది.

"ఆడే, అప్పా."

"ఏది, ఇంకోపాలి ఆడించు."

ఆడించాను. అప్పుడు గానీ కదల్లేదు.

ఆమె వెళ్ళాక పలక మీద ఇంకో దీపం ఎర్రబడింది. దానయ్య మావ ఇల్లు. ఫైలు చూస్తే యాభై పోయి అయిదు వచ్చింది, వేలిముద్ర మావదే. కాసేపటికి గుమ్మంలో మనిషి. మా ఇంటికి ఎరుపేటి అంటాడని తెలుసు. అనాల్సినవన్నీ మనసులో కూర్చి పెట్టుకున్నాను, నాలుగేళ్ళ కసి అంతా ఉంది అందులో.

"మాది ఎర్రగుంది," అన్నాడు.

"ఉంది."

"ఆడే గదా ఎర్రబడింది?"

"ఆడే."

"అయితే ఉండనీ. తూరుపు మోకు పాతది, రేపు మారుస్తాను," అని వెళ్ళిపోయాడు. నా కసంతా నా దగ్గరే ఉండిపోయింది, ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

బిల్డ్ పడిపోయింది. కారణం ఊరిపెద్ద దానయ్య ఇల్లు, అయిదు డిగ్రీలు దాటి వాలింది. చాలా ఏళ్ళ తరవాత ఈ ఊళ్ళో బిల్డ్ సరైన కారణానికి పడింది.